కప్పు మీద చెయ్యి

ఆడలీన్ వైగమ్ కాఫీ డబ్బాలో చెయ్యి పెట్టి చెక్కబిళ్ళ తీసినప్పుడు అది ఎవరి కేసో ఆమెకు తెలియదు. తెలియకూడదనే ఆ డబ్బా. వాదనలు మొదలయ్యే ముందు రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జీలు ఐదుగురూ గుండ్రబల్ల చుట్టూ కూర్చుని, అంకెలు వేసిన బిళ్ళలున్న ఆ పాత రేకుడబ్బాను చేతులు మార్చుకుంటారు. ఏ అంకె ఎవరి చేతికొస్తే ఆ కేసులో తీర్పు రాసే పని వాళ్ళది. ఎవరూ ఏరుకోకూడదు, ఎవరూ తప్పించుకోకూడదు. డబ్బా మూత ఎప్పుడో పోయింది. అందులో చెయ్యి పెడితే ఇప్పటికీ వేళ్ళకు కాఫీ వాసన అంటుకుంటుందని ఆడలీన్ అంటుంది. మిగతా నలుగురూ నవ్వుతారు.

ఆ వసంతంలో ఆమె చేతికొచ్చిన బిళ్ళ వెస్టన్ హౌగ్‌ది.

రోసెన్‌టాల్‌లో ధాన్యం గిడ్డంగి తగలబడింది. మంటలార్పడానికి పరిగెత్తిన ఊరివాళ్ళలో ట్రాయ్ బోష్ అనే ట్రాక్టర్ల మెకానిక్ ఉన్నాడు. పైకప్పు కూలి అతను చనిపోయాడు. అంతకుముందే యజమానితో గొడవపడి గిడ్డంగిలో పని మానేసిన వెస్టన్‌ను షెరీఫ్ మనుషులు పట్టుకెళ్ళారు. "నాకు లాయరు కావాలి" అన్నాడతను. టేపులో ఆ మాట స్పష్టంగా వినిపిస్తుంది. "చూద్దాంలే" అని, కుర్చీలోంచి లేవనివ్వకుండా, అడిగిందే అడిగారు. చివరికి తనే నిప్పు పెట్టానని ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలు తప్ప చెప్పుకోదగ్గ సాక్ష్యం మరొకటి లేదు. జూరీకి అది చాలింది.

లాయరు కావాలన్న మనిషిని ఇక ప్రశ్నలు అడగకూడదు. న్యాయం చదివేవాళ్ళకు మొదటి ఏడాదిలోనే చెప్పే సంగతి అది. ఐదుగురిలో ముగ్గురు ఆ శిక్ష చెల్లదన్నారు. మళ్ళీ విచారణ జరపాలన్నారు. ఆ ముగ్గురిలో చీఫ్ జస్టిస్ హార్లన్ ఓస్బీ కూడా ఉన్నాడు. ఆయనకు తీర్పుతో పేచీ లేదు. తారీఖుతోనే పేచీ.

ఆ నవంబరులో ఆడలీన్ పేరు బ్యాలెట్ మీదికి రావాలి. గవర్నరు నియమించిన జడ్జీని ఎనిమిదేళ్ళకోసారి జనం ముందు నిలబెడతారు. ఎదురు పోటీ ఉండదు. ఈ జడ్జీని కొనసాగించాలా అని ఒక ప్రశ్న, అవును, కాదు అని రెండు గళ్ళు. మామూలుగా ఎవరూ పట్టించుకోని ప్రశ్న. పట్టించుకున్న ఏడాది మాత్రం కుర్చీ పోతుంది.

సెప్టెంబరులో ఓస్బీ ఆమె గదికి వచ్చి, అడక్కుండానే కూర్చుని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన కళ్ళజోడు తుడిస్తే బతిమాలబోతున్నాడని అర్థం.

"రాయడం పూర్తయిందటగా."

"అయింది."

"నా మాట వినండి ఆడలీన్. ఎవరి పేరూ లేకుండా కోర్టు మొత్తం తరఫున వేద్దాం. అది ఇష్టం లేకపోతే ఎలక్షన్ దాటనివ్వండి. కొంపేం మునగదు."

"అందాకా వెస్టన్ హౌగ్ ఎక్కడుంటాడు?"

"ఇప్పుడెక్కడున్నాడో అక్కడే. తీర్పొచ్చినా అక్కడే ఉంటాడు, మళ్ళీ విచారణ అయ్యేదాకా. వాడికొచ్చే తేడా ఏముంది?"

"ఇవాళ వాడు దోషి, చీఫ్. తీర్పొచ్చిన రోజు కాదు."

ఓస్బీ నిట్టూర్చాడు. "సరే, వాడి సంగతి వదిలెయ్యండి. మీరు పోతే ఆ కుర్చీలో ఎవరొచ్చి కూర్చుంటారో ఆలోచించారా? ఈ ఒక్క కేసు కోసం రాబోయే ఎనిమిదేళ్ళ కేసులు వదులుకుంటానంటారు. అది న్యాయమా, పంతమా?"

"బిళ్ళ నేను తీశాను. పేరు నాదే ఉంటుంది. తయారైంది కాబట్టి గురువారం వస్తుంది."

"మీరు ఎప్పుడైనా, ఎవరి దగ్గరైనా, ఒక్క మెట్టు దిగారా?"

"పెళ్ళి చేసుకున్నప్పుడు దిగాను. అది నిలవలేదు."

ఓస్బీ నవ్వు ఆపుకోలేకపోయాడు. లేచి వెళ్ళిపోయాడు. కానీ ఆయన వదిలి వెళ్ళిన మాట గదిలోనే ఉండిపోయింది. పంతమా?

ఆ ప్రశ్న ఆమెకు కొత్తది కాదు. దాని వయసు దాదాపు ఆమె వయసే. చిన్నప్పుడు ఫ్రీడెన్‌లో, పొలం మధ్య ఇంట్లో, ఎవరో దడి తలుపు తీసి వదిలేస్తే ఆవులు మొక్కజొన్నలో పడ్డాయి. నువ్వే అన్నాడు నాన్న. కాదంది. ఒప్పుకున్నాకే తింటావన్నాడు. ఎదురుగా గిన్నెలో బంగాళాదుంపలు, పిండి ఉండలు వేసిన సూప్. ఆవిరి తగ్గింది. పైన మీగడ కట్టింది. ఆ మీగడ ముడతలు పడటం ఆమెకు ఇప్పటికీ కనిపిస్తుంది. అన్న రూబెన్ తినేసి వెళ్ళిపోయాడు. కిటికీలో వెలుగు పోయింది. చివరికి అమ్మ వచ్చి, ఎవరితోనూ ఏమీ అనకుండా, గిన్నె తీసుకుపోయింది. నాన్న మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. తను పొరబడ్డానని కూడా అనలేదు. ఎవరు గెలిచారో ఆడలీన్‌కు ఇప్పటికీ తెలియదు. ఆ కుర్చీలోంచి లేచిన గుర్తే ఆమెకు లేదు.

కౌంటీ ప్రాసిక్యూటరుగా, తరవాత మంచు తుపానుల్లో కారు నడుపుకుంటూ మూడు కౌంటీల కోర్టులు తిరిగిన జిల్లా జడ్జీగా, చివరికి ఈ గదిలో, ఎక్కడ కూర్చున్నా అదే కుర్చీయేమోనని ఆమెకు అప్పుడప్పుడూ అనుమానం వస్తుంది. ఒప్పుకునేదాకా లేవకూడదని ఒక మనిషిని కూర్చోబెట్టారు. ఆ కేసే వచ్చి తన చేతిలో పడింది. తను విన్నది టేపునా, సూప్ గిన్నె ముందు కూర్చున్న పిల్లనా?

ఆ అనుమానం వచ్చినప్పుడల్లా ఆమె ఒకటే పని చేసేది. టేపు మళ్ళీ వినేది. తనకు వెస్టన్ మీద జాలి కలిగిన చోటల్లా ఆపి, ఆ జాలిని పక్కకు తోసి, మిగిలింది చూసేది. మిగిలింది చట్టం. అదీ ఆమె రాసిందే చెప్పింది. అప్పుడు ఆమెకు ఒక సంగతి తోచింది: పంతం ఉండవచ్చు, న్యాయమూ ఉండవచ్చు. పంతం ఉన్నంత మాత్రాన న్యాయం తప్పుకోనక్కర్లేదు.

గురువారం తీర్పు వచ్చింది. అడుగున ఆమె పేరుంది.

ఆదివారానికల్లా హైవే పొడుగునా బోర్డులు లేచాయి. మంటలార్పేవాళ్ళు పెట్టుకునే మసిబారిన హెల్మెట్, దాని కింద ట్రాయ్ పేరు, ఆ కింద పెద్ద అక్షరాల్లో "వైగమ్‌కు కాదు" అని. నడుస్తున్న కేసు గురించి జడ్జీ బయట నోరు విప్పకూడదు. మళ్ళీ విచారణ ఉంది కాబట్టి ఈ కేసు నడుస్తున్నట్టే. రేడియోలో ఎవరెవరో ఆమెను గురించి మాట్లాడేవాళ్ళు. ఆమె కారులో వింటూ, అబద్ధం విన్నప్పుడల్లా స్టీరింగు మీద వేలితో ఒకసారి కొట్టేది. అంతే.

రూబెన్ ఫోన్ చేశాడు. "ఈసారి చర్చి విందుకి రావుగా?"

"ఎందుకు రాను? కాఫీ పోసేది ఎవరు మరి?"

"పోయడానికి బోలెడంత మంది ఉన్నారు. ఆడీ, నా మాట విను. కెఫేలో పేకాడేది నాతో కలిపి నలుగురం. ఇప్పుడు ముగ్గురే ఆడుకుంటున్నారు. నేను పక్క బల్ల దగ్గర కూర్చుని కిటికీలోంచి బయటకి చూస్తున్నా."

"నీకు పేక రాదు కూడాను."

"రాదనే ఇన్నాళ్ళూ నన్ను ఆడనిచ్చారు. ఇప్పుడు దానిక్కూడా పనికిరాకుండా పోయా, నీ పుణ్యమా అని." గొంతు తగ్గించాడు. "రోసెన్‌టాల్ వాళ్ళు కూడా వస్తారు. ట్రాయ్ వాళ్ళమ్మ వస్తుంది."

"అయితే కాఫీ ఎక్కువ కాయాలి," అని ఫోన్ పెట్టేసింది.

ఫ్రీడెన్ చర్చి కింద హాల్లో అక్టోబరు విందుకి సాసేజి, పులియబెట్టిన క్యాబేజీ, పళ్ళముక్కలు పరిచిన కూకెన్ కేకులు ఉంటాయి. పొడవాటి బల్లలు. ఆడలీన్ న్యాయం చదువుకునే రోజుల నుంచీ ఏటా వచ్చి, పెద్ద కాఫీ కూజా పట్టుకుని బల్లల మధ్య తిరిగేది. ఎవరో ఒకరు "జడ్జీగారి చేత్తో పోయించుకున్నాం, ఇక ఏ కేసైనా గెలుస్తాం" అనేవాళ్ళు. ఏటా అదే మాట. ఏటా అందరూ నవ్వేవాళ్ళు.

ఆమె మెట్లు దిగుతుంటే హాల్లో చప్పుడు ఆగిపోలేదు. కొంచెం పెరిగింది. అందరూ పక్కవాళ్ళతో ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు. ఆమె కోటు తగిలించి, ఏప్రన్ కట్టుకుని, కూజా తీసుకుంది.

మొదటి బల్ల దగ్గర ఒక ముసలాయన, పాత రోజుల్లో జిల్లా జడ్జీగా ఆమె భూమి తగాదా తీర్చిపెట్టిన మనిషి, ఆమె దగ్గరికి రాగానే కప్పు మీద అరచెయ్యి పెట్టాడు. చాలు, వద్దు అనడానికి ఆ ఊళ్ళో అదే పద్ధతి. మర్యాదైన పద్ధతి. కాకపోతే ఆయన కప్పు ఖాళీగా ఉంది. పక్కనావిడా చెయ్యి పెట్టింది. తరవాత ఆమె కొడుకు. ఎవరూ తలెత్తలేదు, ఎవరూ ఒక్క మాట అనలేదు. బల్ల పొడుగునా ఖాళీ కప్పుల మీద ఒకదాని తరవాత ఒకటిగా అరచేతులు.

కూజా నిండుగా ఉండి బరువుగా ఉంది. కింద పెట్టి వెళ్ళిపోవచ్చు. ఆ ఆలోచన వచ్చిన క్షణంలోనే ఆమె మెడ బిగుసుకుంది. ఆ బిగువును ఆమె గుర్తుపట్టింది, ఆ పిల్ల మెడ అది. ప్రతి కప్పు దగ్గరా ఆగింది. ప్రతి మనిషినీ పేరు పెట్టి అడిగింది.

"కాఫీ, ఎడ్విన్?"

"వద్దు."

"కాఫీ, లావర్న్?"

"ఇప్పుడే తాగా ఆడీ." కప్పులో చుక్క లేదు.

"కాఫీ, రూబెన్?"

రూబెన్ చుట్టూ చూశాడు. "పొయ్యి," అన్నాడు కోపంగా. "నిండా పొయ్యి. రాత్రికి నిద్ర పట్టకపోయినా ఫరవాలేదు, ఎలాగూ పట్టట్లేదు."

చివరి బల్ల దగ్గర ట్రాయ్ వాళ్ళమ్మ ఒటీలియా బోష్ కూర్చుని ఉంది. సన్నటి మనిషి, నల్ల స్వెట్టరు. ముందున్న పళ్ళెంలో ఏమీ ముట్టుకోలేదు. హాల్లో మాటలు ఇప్పుడు నిజంగానే ఆగిపోయాయి. ఆడలీన్ దగ్గరికి వెళ్ళింది. ఒటీలియా కప్పు మీద చెయ్యి లేదు. కప్పును ముందుకు జరిపింది.

"పొయ్యండి."

ఆడలీన్ పోసింది.

"నేను కప్పు మూసుకునే రకం కాదు," అంది ఒటీలియా. "మిమ్మల్ని దగ్గరనుంచి చూద్దామని వచ్చా. టీవీలో ఇంకా పొడుగ్గా కనిపించారు."

"అందరూ అదే అంటారు."

"ట్రాయ్ గురించి నాతో ఏమీ అనరా?"

"మీ అబ్బాయి పోయినందుకు నాకు బాధగా ఉంది. అంతకు మించి మాట్లాడటానికి నాకు వీల్లేదు."

"వీల్లేదు," అని ఆమె ఆ మాటను నోట్లో పెట్టుకుని రుచి చూసినట్టు పలికింది. "ఆ వెస్టన్ చేశాడా లేదా? మీరు అంత చదివారు కదా, మీకేమనిపించింది? అదైనా చెప్పండి."

"నేను తేల్చాల్సింది అది కాదమ్మా. రాసిందంతా అందులోనే ఉంది."

"చదివా. రెండుసార్లు చదివా. మా అబ్బాయి పేరు మొదటి పేజీలో ఒక్కచోటే ఉంది. తక్కినదంతా ఆ వెస్టన్ గురించే, వాడేమడిగాడు, వాడికేమివ్వలేదు అని."

ఆ మాట నిజం. అది తను లెక్కలోకి తీసుకోని నిజం. ఎడమవైపు పక్కటెముకల కింద ఎక్కడో చిన్న గుద్దు తగిలినట్టయింది. అయినా ఆ తీర్పులో ఒక్క వాక్యం కూడా మార్చాలని ఆమెకు అనిపించలేదు. రెండూ ఒకేసారి ఉన్నాయి, నొప్పీ, ఆ నిశ్చయమూ. ఒకదాన్నొకటి తోసెయ్యలేదు.

ఒటీలియా కాఫీ ఒక గుక్క తాగింది. "నేను మీకు కాదు అనే వేస్తా. మొహం మీద చెప్పి వెయ్యాలనుకున్నా."

"చెప్పినందుకు థాంక్స్."

"మీరు ఏడుస్తారనుకున్నా."

"నేనూ అనుకున్నా," అంది ఆడలీన్. "ఇంకొంచెం పొయ్యనా?"

ఒటీలియా ఆమెవైపు చాలాసేపు చూసి, కప్పు మళ్ళీ ముందుకు జరిపింది. అది క్షమించడం కాదు. అరచేతులు పెట్టిన వాళ్ళందరికంటే ఆమెకు ధైర్యం ఎక్కువ, అంతే. ఆ సంగతి ఇద్దరికీ తెలిసింది.

విందయ్యాక రూబెన్ కారు దాకా వచ్చాడు. గాలికి టోపీ పట్టుకుని నిలబడ్డాడు.

"కనీసం మన రెండు ఓట్లయినా పడతాయిలే. నాదీ, నీదీ."

"నాది లెక్కవెయ్యకు. నా పేరు దగ్గర నేనేమీ నింపను."

"అదేంటి?"

"ఎప్పుడూ నింపలేదు. పోయిన రెండుసార్లూ ఖాళీగానే వదిలేశా. నా కేసులో నేను జడ్జీని ఎలా అవుతాను? తప్పుకోవాలి."

రూబెన్ టోపీ వదిలేశాడు. అది ఎగిరి పార్కింగు స్థలంలో దొర్లింది. అతను దాని వెంట పోలేదు. "అంటే రాష్ట్రంలో ఉన్నవాళ్ళందర్నీ ఉంచమని అడుగుతున్నావు. నువ్వు మాత్రం అవును అననంటావు."

"నేనెవర్నీ అడగట్లేదు. అడగడానికి వీల్లేదు."

"ఓటరుగా కూడానా? ఆ బూత్‌లో నువ్వు జడ్జీవి కాదు తల్లీ. నాలాంటి మామూలు మనిషివి. దానికి తప్పుకోవడమేంటి?" ఆమె కారెక్కగానే తలుపు ఆమె మీదికి నెట్టినట్టుగా వేశాడు. "చదువుకున్నవాళ్ళ తెలివి ఇలాగే ఏడుస్తుంది."

అతను టోపీ కోసం వంగడం అద్దంలో చూస్తూ ఆమె కారు పోనిచ్చింది.

నువ్వు మాత్రం అవును అననంటావన్న మాట దారిపొడుగునా వెంటవచ్చింది. నాన్నతో కాదు అంది. ప్రాసిక్యూటరు పని ఆడదానివల్ల కాదన్న వాళ్ళతో కాదు అంది. ఓస్బీతో కాదు అంది. తన జీవితంలో ఎదురు నిలబడిన ప్రతిచోటా ఆమె చేసింది కాదనడమే. అవును అనాల్సిన చోట మాత్రం ఖాళీగా వదిలేసి, దానికి నిష్పక్షపాతమని పేరు పెట్టుకుంది. ఆ ఖాళీ గడి ఎంత శుభ్రంగా ఉంటుందో ఆమెకు ఇష్టం. ఆ శుభ్రత ఇప్పుడు ఆమెకు ఖాళీ కప్పు మీద పెట్టిన అరచెయ్యిలా కనిపించింది. మర్యాదగా, తలెత్తకుండా. ఊరంతా కప్పులు మూసుకున్నప్పుడు ఆమెకు కోపం వచ్చింది కదా. తనూ తన కప్పు మూసుకునే ఉంది, పదహారేళ్ళుగా.

ఎలక్షన్ రోజు ఆమె ఇంటి దగ్గరి స్కూల్లో వరసలో నిలబడింది. కొందరు గుర్తుపట్టి పక్కకు చూశారు. బూత్‌లో కాగితం పరిచి, గవర్నరు నుంచి మొదలుపెట్టి, అడుగున తన పేరు దాకా వచ్చింది. ఆడలీన్ వైగమ్‌ను సుప్రీంకోర్టు జడ్జీగా కొనసాగించాలా? అచ్చులో తన పేరు ఎవరిదో అనిపించింది. ఎప్పటిలాగే వాదన మొదలైంది లోపల: తగదు, పద్ధతి కాదు, ఎవరైనా చూస్తే. ఆమె ఆ వాదన చివరిదాకా విని, కొట్టేసింది.

అవును దగ్గరి గడి నింపింది. నెమ్మదిగా, అంచులు దాటకుండా, కింద కాగితం మీద కూడా అచ్చు పడేంత గట్టిగా.

ఓడిపోయింది. స్వల్పంగా కాదు. ఫ్రీడెన్‌లోనూ, రోసెన్‌టాల్‌లోనూ, ఆమె మంచులో తిరిగిన మూడు కౌంటీల్లోనూ ఓడిపోయింది. రూబెన్ ఫోన్ చేసి, "మన రెండూ పడ్డాయి" అన్నాడు. తరవాత గోధుమ ధర గురించి మాట్లాడాడు. ఆమె ఏడ్చింది, ఫోన్ పెట్టేశాక, వంటింట్లో నిలబడి. ఏడుస్తూనే తన ఏడుపును పరిశీలించింది. అందులో అవమానం ఉంది, అలసట ఉంది. పశ్చాత్తాపం ఎక్కడైనా ఉందేమోనని వెతికింది. లేదు.

ఆమె పదవి జనవరి దాకా ఉంది. డిసెంబరు మొదట్లో కొత్త కేసులు పంచుకోవడానికి ఐదుగురూ గుండ్రబల్ల చుట్టూ కూర్చున్నారు. డబ్బా తిరుగుతూ వచ్చి ఓస్బీ దగ్గరికి చేరింది. ఆయన తన బిళ్ళ తీసుకుని, ఆడలీన్‌ను దాటించి అవతలి పక్కకు అందించబోయాడు.

"చీఫ్."

"మీ మంచికే ఆడలీన్." ఆయన గొంతు నిజంగా మెత్తగా ఉంది. "వాదనలు విని, తీర్పు రాసి, జనవరిలోగా ఎక్కడవుతుంది? మీరు చెయ్యాల్సింది చేశారు. కాస్త ఊపిరి తీసుకోండి."

ఆయన అరచెయ్యి డబ్బా మూతి మీద ఉంది. ఆయనకు తెలిసినట్టు లేదు. మిగతా ముగ్గురూ ఎదుటి కాగితాలవైపు చూస్తున్నారు. ఎవరూ తలెత్తలేదు.

"ఇవాళ నేను ఈ కోర్టులో జడ్జీనా, కాదా?" అంది ఆడలీన్.

"జడ్జీయే."

"అయితే చెయ్యి తియ్యండి."

ఓస్బీ తన చెయ్యి చూసుకున్నాడు. మొహం కొద్దిగా ఎర్రబడింది. డబ్బా ఆమె ముందుకు జరిపాడు.

ఆమె చెయ్యి పెట్టి, అడుగుదాకా పోనిచ్చి, ఒక బిళ్ళ తీసింది. అంకె చూసి పట్టీలో సరిచూసుకుంది. ఇద్దరు రైతులు, మధ్యన ఒక తూము. ఒకడి పొలంలో నీళ్ళు ఇంకొకడి బార్లీని ముంచేశాయట. ఎవరూ బోర్డులు కట్టని కేసు, ఎవరూ చదవని తీర్పు.

"మార్చుకుంటారా?" అన్నాడు ఓస్బీ. "నా దగ్గర చిన్నదుంది."

"ఎందుకు?" అంటూ ఆమె బిళ్ళను తన ముందు పెట్టుకుంది. "నాకొచ్చిందే నేను రాస్తా. జనవరిలోగా వస్తుంది. పేరు నాదే వెయ్యండి."

డబ్బా అవతలి పక్కకు వెళ్ళింది. ఆమె వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. కాఫీ వాసనే. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆమె పెన్ను మూత తీసి, కాగితం ముందుకు లాక్కుని, ఇద్దరు రైతుల పేర్లూ పక్కపక్కనే రాసుకుంది.